గీరి చూస్తే పచ్చన

మస్కట్‌లో బండి ఎక్కేటప్పుడు
స్వెట్టర్ కావాలని ఎవరూ చెప్పలేదు.
గల్ఫంటే ఉడుకే గదా,
రెండు బనీన్లు, ఒక లుంగీ, తలనొప్పి మందు సీసా.
బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసులు
చక్రాలు చూసి వదిలారు.
పైన సైక్‌లో దిగేసరికి
కొండగాలి నా చెవి మెలేసి అడిగింది
ఎవలు నువ్వు, ఏ ఊరు అని.
రాయికల్ అన్నాను.
పళ్లు టకటకలాడి
ఆ చిన్న పేరు కూడా మూడు ముక్కలైంది.

హోటల్ తోటలో నలభై మొక్కలు.
పుట్టింది న్యూజిలాండ్‌లో, పెరిగింది ఎక్కడో,
మెడలో ప్లాస్టిక్ బిళ్ళ.
డెస్మండ్ సార్ హీబీ అన్నాడు. నా నోటికి ఈబీ.
మోకాలెత్తు లేవు. ఆకు రాల్చవట ఎన్నడూ.
కొన్నిటికి వేలెడంత ఆకు, నున్నగా, దర్జాగా.
కొన్నిటికి బియ్యపు గింజంత,
జత మీద అడ్డంగా జత,
ఓపికున్న చెయ్యి అల్లిన నులకలాగా.
పెద్దాకులవే ముందు వరసలో పెట్టాను,
చూపుకు బాగుంటాయని.
పక్క మడి దానిమ్మల సాలెం తాత
గోడ మీద కూచుని నవ్వాడు, ఏమీ అనలేదు.

జనవరిలో ఒక రాత్రి నల్లాలో నీళ్లు గట్టిపడ్డాయి.
తెల్లారి చూస్తే
ముందు వరసంతా ఉడకబెట్టిన తోటకూర.
ఇగం కూడా ఉడకబెడుతుందని
నలభై రెండేళ్లకు తెలిసింది.
వెనక చిన్నాకులవి మాత్రం
మంచు దులుపుకోకుండా అట్లనే కూచున్నాయి,
జీతం రాని నెల క్యాంపులో మేము కూచున్నట్టు.

సాలెం అప్పుడు గోడ దిగాడు.
మట్టిలో వేళ్లు గుచ్చి, వాసన చూసి,
మాయ్ అన్నాడు. నీళ్లు.
చలికి పోలేదు ఇవి,
తడికాళ్లతో చలిలో నిలబడి పోయాయి.
ఆయన దానిమ్మలు మోడై పడుకున్నాయి.
ఆకు రాల్చేదానికి చలికాలం సెలవు,
రాల్చనిదానికి డ్యూటీ.

ఆ రోజు నుంచి సాయంత్రం పైపు ముట్టలేదు.
వాదీలోంచి గులకరాళ్లు మోసి
ఒక్కో మొదట్లో తట్టెడు పోశాను.
గాలొచ్చే దిక్కున గోనె పట్టాలు కట్టాను.
మూలన ఒక పొట్టిదానికి పట్టా చాలక
నా బనీన్ తొడిగాను.
డెస్మండ్ ఫోన్లో ఫొటో తీసి అందరికీ చూపించాడు.
చూపించుకోనీ.

చచ్చినవి పీకెయ్, గెస్టులు చూస్తారు, అన్నాడు.
చచ్చిందని ఎట్ల తెలుసు?
బొటనవేలి గోటితో కాడ గీరాను. గోధుమ రంగు.
ఇంకాస్త కింద. గోధుమ రంగే.
నేలకు బెత్తెడు ఎత్తున
పచ్చన. తడిగా.
మార్చి దాకా ఆగండి సార్.
ఇప్పుడు కోస్తే ఒకనాటి ఎండకు మోసపోయి చిగురేస్తుంది,
ఆ చిగురూ పోతుంది.
ఆయన సరే అనేలోపే
కత్తెర తీసుకెళ్లి డ్రైవర్ జబ్బార్ సీటు కింద దాచాను.

ముందు వరసలో పదకొండు పోయాయి.
వాటి బిళ్ళలు తీసి మందుల డబ్బాలో వేశాను,
ఎందుకో తెలియదు.
బిళ్ళ మీద అన్నిటికీ ఒకటే ఊదా పువ్వు బొమ్మ.
ఏడు మాత్రం ఏప్రిల్‌లో
గోరు గీరిన గాటు పక్కనుంచే కళ్లు తెరిచాయి.

జూన్‌లో పూసినప్పుడు
సాలెం తేనెటీగల్ని చాలాసేపు చూశాడు.
కాయ కాస్తుందా? కాయదు.
మేకలు తింటాయా? తెలియదు.
మరెందుకు?
జవాబుకు నా దగ్గర అరబ్బీ సరిపోలేదు.
తెలుగులో వెతికాను. అందులోనూ దొరకలేదు.

నన్ను సొహార్‌కు మార్చారు. సముద్రం పక్కన, ఖర్జూరాల కింద.
అక్కడి వేడికి ఈబీ వారం ఆగదు.
లబన్ కప్పుల్లో పాతిన కొమ్మలు తొమ్మిది బతికాయి,
ఒకటి సాలెం మడిలో ఉంది, అడిగితే లేదంటాడు.

వచ్చే చలికి ఇక్కడ ఎవరుంటారో.
గోనె పట్టాలు పంపు గదిలో, తలుపు వెనక.
బనీన్ కూడా అక్కడే.