బస్సు తలుపు లాగిన చెయ్యి

చేపల ఎరలమ్మే కొట్టు వెనక గదిలోనే
తుపాకులు కూడా అమ్ముతాడు లైల్ స్టంబో.
వానపాముల డబ్బాలున్న ఫ్రిజ్ దాటుకుని వెళ్ళాలి.
అద్దం కింద పడుకోబెట్టి ఉన్నాయి
నల్లగా, ఒద్దికగా, పళ్ళ డాక్టరు సామాన్లలా.

"మొదటిదా, మిస్ ఆర్లీన్?" అన్నాడు.
అరవయ్యారేళ్ళదాన్ని. నన్నెవరైనా ఆ మాట అడిగి
చాలా కాలమైంది.

షెడ్డులో రంపం పోయింది. తర్వాతి వారం జనరేటరు.
మూడోసారి వంటింటి కిటికీకి దోమతెర కోసేసి ఉంది,
లోపలికి మాత్రం ఎవరూ రాలేదు.
ఆ రాకపోవడమే నన్ను నిద్ర పోనివ్వలేదు.

ముందొక బుల్లిది తీసి అరచేతిలో పెట్టాడు.
ఆడవాళ్ళు ఇదే తీసుకుంటారు, సంచీలో పడుతుంది, అన్నాడు.
ఉప్పు పొట్లమంత బరువు కూడా లేదు.
అవతల గాలాలు ఏరుకుంటున్న కెండ్రా గిల్లెస్పీ,
రేంజిలో కాల్చడం నేర్పే పిల్ల,
తలెత్తకుండానే అంది:
"తేలికది తన్నుతుంది. బరువుంటేనే ఒదిగి ఉంటుంది."
మొగుళ్ళ గురించి మా అమ్మ
సరిగ్గా దీన్నే తిరగేసి చెప్పేది.

తర్వాతది బరువైనదే. పదిహేను గుళ్ళు పడతాయట.
పైభాగం వెనక్కి లాగమన్నాడు.
లాగాను.
ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు తలుపు లాగిన చెయ్యి ఇది,
కెంటకీ కొండల మంచులో, బురదలో,
రోజుకి నూట నలభై సార్లు.
స్లైడు సగం దాకా వచ్చి
నా బొటనవేలి కణుపుని ఎగతాళి చేసి
టక్కున వెనక్కి పోయింది.
లైల్ మర్యాదగా వానపాముల వైపు చూశాడు.

చివరికి రివాల్వరు.
ఎవరిదో పాతది, చెక్క పిడి ఒకవైపు అరిగి ఉంది.
ఆరు గదులు. లాగే పని లేదు.
పిడి నా గుప్పిట్లో కూచుంది,
ఎవరో చోటు ఆపి ఉంచినట్టు.
గోడ మీది గడియారానికి గురి పెట్టబోతే
కెండ్రా నా మణికట్టు నేలకి వంచింది.
"ఖాళీదైనా సరే. ముఖ్యంగా ఖాళీదే."

శనివారం, పాత సున్నపురాతి గనిలో రేంజి.
ట్రిగ్గరు గుంజకు, పొదుగు పితికినట్టు మెల్లగా, అంది.
మొదటి గుండు ఎటో కొండకి. రెండోదీ కొండకే.
ఇరవయ్యో దానికి
నా ఊపిరి ఎక్కడ ఆగుతుందో నాకు తెలిసింది.
అప్పటిదాకా గుండ్రాలు. అప్పుడు కాగితం మార్చింది:
తలా భుజాలూ ఉన్న నీడ. మొహం లేదు.

మొహం లేనివాడు ఈ లోయలో నాకెవడూ తెలియదు.
నలభై దాటని ప్రతివాడూ నా బస్సెక్కినవాడే.
నా షెడ్డు తాళం విరిచినవాడెవడైనా
వాడికో సీటు ఉండే ఉంటుంది.
కిటికీ ఆవిరి మీద గుర్రాలు గీసే డ్వేన్ రాట్లిఫ్ కావచ్చు.
వాంతి చేసుకుని నా కోటు కప్పుకుని నిద్రపోయిన ఆ చిన్నాడు కావచ్చు,
వాడి పేరు ఎంతకీ గుర్తు రావడం లేదు.
తుపాకీ దించేశాను.
కెండ్రా ఏమీ అనలేదు.
తనది ఎడమవైపు రెండో సీటు.

కొన్నాను, అయినా.
మంచం పక్కన ఇనప పెట్టె, నాలుగంకెల తాళం,
సెలవులకొచ్చే మనవరాలు ఊహించలేని అంకె.
ప్రతి శనివారం యాభై గుళ్ళు.
మంగళవారం దాకా కణుపుల సలుపు.
చప్పుడైతే ఏం చెయ్యాలో కెండ్రా వరసగా చెప్పింది:
గది గడియ, మంచం అవతలికి, పెట్టె, ఫోను.
ఆ వరసకి ముందు నేనొకటి కలుపుకున్నాను.
కారులో ఒక్కదాన్నే ఉన్నప్పుడు సాధన చేస్తున్నాను,
వెనక్కి తిరక్కుండా, అద్దంలోకి చూస్తూ,
అరవై మంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టిన ఆ గొంతు.
ఉంది ఇంకా. కాస్త తుప్పు పట్టింది.

నిన్న సిగ్నల్ దగ్గర అద్దం దించి ఉందని మర్చిపోయాను.
పక్క ట్రక్కులో గడ్డంవాడు
గబుక్కున సీటు బెల్టు పెట్టుకున్నాడు.