మొదటి పేజీ ఖరీదు

బెర్గెన్‌లో వానకు కొరత లేదు.
కొరతల్లా, గొడుగు విరిగినప్పుడు
గున్‌వోర్ కొట్టు గుర్తొచ్చే మనుషులకే.

కుర్రాడొకడు వచ్చాడు, తడిసిన బూట్లతో.
"వెతికితే మీరు నాలుగో పేజీలో ఉన్నారు" అన్నాడు
జ్వరం ఎంతుందో చెప్పే నర్సులా.
నెలకు నాలుగు వేల క్రోనర్లు,
గట్టిగా పైకి లేపాలంటే తొమ్మిది.
ఆరు నెలలు ఓపిక పట్టాలట.
"మొదటి పేజీ ఖాయమేనా?"
అతను టాబ్లెట్ మీది చినుకులు తుడుచుకున్నాడు.

రాత్రి ఆమె ఊచల్లో లెక్క కట్టింది.
ఒక ఊచ మారిస్తే నూటయాభై.
నాలుగు వేలంటే ఇరవై ఏడు ఊచలు,
ఇరవై ఏడు మంది మీద విరుచుకుపడాల్సిన గాలి.
తొమ్మిదంటే అరవై.
నెలకు అరవై బిగించే వేళ్లు
తనకింకా ఉన్నాయా?
అది ఏ గడిలో రాయాలి?

తెల్లారి ఒక ముసలాయన,
తిరగబడ్డ గొడుగుతో.
"నా కొట్టు ఎలా తెలిసింది మీకు?"
"తెలీదమ్మా. తగ్గుతుందేమోనని
మీ పందిరి గుడ్డ కింద నిలబడ్డాను.
అది కూడా కారుతోంది."

ఆమె బయటికొచ్చి చూసింది.
నిజమే, ఓ మూల కుట్టు ఊడింది.
గొడుగులు కుట్టే మనిషి కొట్టుకి!
కొత్త గుడ్డకు పదహారు వందలు.
అది ముందు రాసుకుంది.

తర్వాత ఫోన్ చేసింది:
"రెండు వేలు. మూడు నెలలు.
ఆపైన ఒక్క ఊచ కూడా ఇవ్వను."

అవతల మాట లేదు, వాన చప్పుడే.
ఎక్కడో వీధిలో నిలబడి ఉన్నాడు,
గొడుగు లేకుండా.