పదిహేడో పెట్టె

విజయనగరం గంటస్తంభం వెనక, మిఠాయికొట్టు మేడ మీద
రాత్రి కాపలా నాది.
కాపలా అంటే కర్ర లేదు, ఈల లేదు.
తెర మీద అరవై మూడు చుక్కలు,
అరవై మూడు నీళ్ళ పెట్టెలు,
ఒక్కోదాని కడుపులో అరచేతంత రూటరు,
దాని కడుపులో గోరంత సిమ్ము.

ఉద్దానం పొడవునా మనిషి తోడు లేకుండా నిలబడి
బిళ్ళ వేస్తే నీళ్ళిస్తాయి.
ఒక్కదాన్నీ కళ్ళారా చూడలేదు నేను.
గుణాలు మాత్రం తెలుసు.
ఇచ్ఛాపురంది పొద్దు వాలితే ఒడిశా టవరుకి ఎగబడుతుంది,
మందసది ఉరుము వింటే చచ్చినట్టు పడుంటుంది,
బారువది, ఉప్పుగాలికి యాంటెన్నా మొదలు తుప్పట్టి,
ప్రతి మాటా నానుస్తుంది.

కంచిలి అడ్డరోడ్డులో పదిహేడోది బుద్ధిమంతురాలు.
అలాంటిది కార్తీకం మొదట్లో
రోజూ రాత్రి రెండూ నలభైకి ఎర్రబడటం మొదలెట్టింది.
పిలిస్తే పలకదు.
నలభై నిమిషాలు.
ఆపైన ఏమీ ఎరగనట్టు పచ్చగా.

చెయ్యాల్సినవన్నీ చేశాను.
ఆరిపోయి మళ్ళీ వెలగమని ఎస్సెమ్మెస్ పెట్టాను, చేరలేదు.
రెండో సిమ్ముకి మార్చాను, అదీ అదే వేళకి మూగ,
ఇద్దరిదీ ఒకటే టవరు మరి.
పగటిపూట కొత్త ఫర్మ్‌వేరు ఎక్కించాను.
తొంభై దగ్గర ఆగింది.
అక్కడ తెగితే అది ఇక ఇటుకే.
మనిషిని పంపాలంటే నూట డెబ్భై కిలోమీటర్లు,
తవిటినాయుడి మోటారుసైకిలు,
పెట్రోలు బిల్లు మీద మూడు సంతకాలు.
ఎక్కింది.
ఆ రాత్రి రెండూ నలభైకి
కొత్త ఫర్మ్‌వేరుతో ఎర్రబడింది.

పెట్టె మీద నా నంబరు రాసుంటుంది.
ఒకనాడు మూడింటికి దాలమ్మ ఫోను,
జీడిపప్పు బట్టీకి పోయే మనిషి.
“కార్డు గీకితే తీసుకోన్నేదు గుంటా, ఏటైంది?”
“వెనక చిన్న దీపం ఉంటుంది పిన్నీ, ఏ రంగుందో చూడు.”
“దీపం సూడ్డానికి సందేదీ?
కొబ్బరికాయల లారీ అడ్డెట్టీసి తొంగున్నాడు గదా!”

అప్పుడు తీశాను, గొంతు తెగిన వేళల్లో
పెట్టె తనలో దాచుకుని తర్వాత నాకు ఒప్పజెప్పిన లెక్క.
మూడూ పద్దెనిమిది. ఐదు రూపాయల బిళ్ళ. ఇరవై లీటర్లు.
ముందురోజూ అంతే. దాని ముందురోజూ.
పదకొండు రాత్రులు నా కళ్ళెదుటే ఉంది
లేచి, మొహం కడుక్కుని,
క్యాను నింపుకుని వెళ్ళిపోయిన మనిషి జాడ.

లోపం ఏమిటో రాయాలి గడిలో.
నిద్ర, అని రాస్తే సారు ఒప్పుకోడు.
ఇక్కడ బళ్ళు ఆపరాదని బోర్డు పెట్టించమన్నాడు.
సరేనన్నాను. పెట్టించలేదు.
కార్డుల జాబితా పెట్టెలోనే దాచుకోమన్నాను,
దాలమ్మ గీకితే నన్నడక్కుండా నీళ్ళియ్యమన్నాను.
రెండూ నలభై నుంచి మూడూ ఇరవై దాకా
దాని అలారం నోరు మూశాను.

ఇంక ఎర్రబడితే నేనూ
కుర్చీలో ఓ నిమిషం కళ్ళు మూసుకునేదాన్ని.

నిన్న రాత్రి రెండూ నలభై దాటింది.
పదిహేడు పచ్చగానే ఉంది.
మూడు. పచ్చగానే.
సిగ్నలు ఎన్నడూ లేనంత బలంగా వస్తోంది.
మూడూ పద్దెనిమిదికి బిళ్ళ పడలేదు.
మూడున్నరకీ.
కింద కొట్లో నూనె కాగుతున్న వాసన మొదలైంది.

పింగ్ కొట్టాను.
ఉన్నాను, అంది.
మళ్ళీ కొట్టాను.
ఉన్నాను, అంది, పన్నెండో వంతు సెకనులో.
నిన్ను కాదే, అన్నాను.