పై దవడ, మూడు మిల్లీమీటర్లు

పాలకొల్లు బస్టాండు వెనక, మందుల షాపు మీద
ఇరుకు మెట్లెక్కితే మా ల్యాబు.
ఇక్కడికి మనుషులు రారు.
వాళ్ళ నోళ్ళు వస్తాయి,
పసుప్పచ్చ రాతిపిండి అచ్చులై, ప్లాస్టిక్ సంచుల్లో,
నర్సాపురం నించి, ఆచంట నించి, భీమవరం నించి,
చించినాడ వంతెన అవతలి ఊళ్ళ నించీ.

సంచి మీద ఒక నంబరు, డాక్టరుగారి గిలుకు రాత.
పేరుండదు. అక్కర్లేదు కూడా.
ఇరవై రెండేళ్ళుగా పళ్ళు చదువుతున్నదాన్ని.
ఇది చుట్ట కాల్చే నోరు.
ఇది దారం కొరికే నోరు, లేసు అల్లే ఆవిడదై ఉంటుంది,
ముందు పన్నుకి సన్నటి గాటు.
ఇది చెరుకు ముక్క మానలేనివాడిది.

మొన్న ఒక కబడ్డీ పిల్లకి చేశాను,
పద్నాలుగేళ్ళది, పెనుగొండ.
కూతకెళ్ళి ఎవరి మోకాలికో తగిలి
సగం పన్ను కోర్టులోనే వదిలి వచ్చిందట.
ఎర్ర షీటే కావాలంది.
"అది పెట్టుకుంటే కూత పలుకుద్దాండీ?" అని ఫోను.
నా కొలతకి ఒకటి చేసుకుని
అద్దం ముందు ఊపిరి చాలినంతసేపు
కబడ్డీ కబడ్డీ కబడ్డీ.
పలుకుద్ది తల్లీ, అన్నాను.

నిన్న సాయంత్రం నాలుగు వందల పదిహేడు వచ్చింది.
పై దవడ. రాత్రి గార్డు. మూడు మిల్లీమీటర్లు.
"నిద్రలో కొరుకుతాడు. పొద్దున్నే దవడ నొప్పి."
దంతాలు నున్నగా అరిగిపోయాయి,
గంట్లు కొట్టించక ఏళ్ళయిన తిరగలిలా.
కుడి కోర పక్క పన్నుకి చిన్న చెక్క లేదు.

చెయ్యి ఆగింది.

ఆ చెక్క నాకు తెలుసు.
నా తొమ్మిదో ఏట, కర్రాబిళ్ళ ఆటలో
బిళ్ళ లేపి కొట్టింది నేనే.
చీకటి పడేదాకా గట్టు మీద ఇద్దరం వెతికాం.
సోడా మూత తియ్యబోయానని
అమ్మకి తనే అబద్ధం చెప్పాడు.

మా ధర్మన్నయ్య.
మాటల్లేక ఆరేళ్ళు.
నాన్న పంచినది చెరో అరెకరం.
తనది రొయ్యల చెరువైంది.
ఉప్పు గట్టు కింద నించి నా వరిలోకి ఊరింది,
ఆ ఏడు కంకి పాలు పోసుకోలేదు.
పెద్దమనుషుల ముందు నన్ను చూసి పళ్ళు నూరాడు.
నేనూ నూరాను.
నా మీదనే అనుకున్నాను, ఇన్నాళ్ళూ.

వదిన చెప్పనిది ఈ రాయి చెబుతోంది.
రాత్రి రెండింటికి కరెంటు పోతే
ఏరియేటర్లు ఆగిన నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేస్తాడు.
టార్చి వెలుగులో చెక్‌ట్రే ఎత్తి
తెల్లమచ్చ కోసం ఒక్కో రొయ్యనీ తిప్పి చూస్తాడు.
కౌంటు, రేటు, మేత కొట్లో బాకీ
అన్నీ పంటి బిగువున పట్టుకుని మళ్ళీ పడుకుంటాడు.
పగలు ఎవరికీ చెప్పనివి
నిద్రలో విసురుకుంటాడు,
రాలే పిండి మాత్రం తన పళ్ళదే.

షీటు వేడెక్కి నడుమ బొజ్జలా జారింది.
ఆత్రేయపురంలో కుండ మీద రేకు తీసే ఆడాళ్ళకి తెలుసు
ఆ క్షణం ఎంత చిన్నదో.
ముందయితే అతకదు, ఆలస్యమైతే చిరుగుద్ది.
మిషను గాలి పీల్చింది.
గాజులాంటి పొర అన్నయ్య పళ్ళ మీద
సందు సందులోకీ దిగి కూర్చుంది.

అంచులు కోశాను. బర్రుతో నునుపు పెట్టాను.
చిగుళ్ళకి గుచ్చుకోకుండా వేలితో తడిమాను,
మూడుసార్లు.
చెక్క లేనిచోట మైనంతో పూడ్చి చెయ్యొచ్చు.
పూడ్చలేదు.
ఆ లోటు కూడా కొలతే.

డబ్బాలో ఎప్పుడూ పెట్టే చీటీ ఉంటుంది కదా,
చల్లనీళ్ళతో కడగండి, వేడినీళ్ళలో వెయ్యకండి వంకరపోతుంది,
కుక్కకి అందనివ్వకండి.
అచ్చువేసినవి అయిపోయాయి, చేత్తో రాయాల్సి వచ్చింది.
"కడగండి" అని రాయబోతే
"కడుగు" అని పడింది.

ఆరింటి భీమవరం బస్సు హారను కొడుతోంది.
కొట్టెయ్యకుండానే మూత పెట్టాను.