గీతకి అటుపక్క

మొదటి ఆదివారం బోర్డు మీద
ఒక దీర్ఘచతురస్రం గీసి, ఇది ఫ్రేమ్ అన్నాను.
లోపలున్నది కనిపిస్తుంది,
బయటున్నది లేదని కాదు.
సరిగ్గా అప్పుడే కిటికీలోంచి ఓడ కూత.
ఓడ కనపడలేదు.
ఆఫ్‌స్క్రీన్ సౌండ్‌కి అంతకన్నా మంచి ఉదాహరణ
పోర్టు వాళ్ళు మళ్ళీ ఇవ్వలేదు.

పెదవాల్తేరులో ఫొటో స్టూడియో పైన అద్దె గది,
పదకొండుమంది పిల్లలు.
ఫ్యాను వేస్తే తెర ఊగేది,
ఏ షాటైనా చేత్తో పట్టుకుని తీసినట్టే ఉండేది.

కట్ అంటే కనురెప్ప, అన్నాను.
ఎవరో అన్న మాటే, నాదిలా చెప్పుకున్నాను.
క్లోజప్ అంటే మద్దిలపాలెం బస్సులో పక్కవాడి చెవి.
లాంగ్ షాట్ అంటే సింహాచలం మెట్ల మీద
పోయిన చెప్పు వెతుక్కుంటున్న ఆవిడ,
మన కంటికి ఆవిడే చెప్పంత.
డీప్ ఫోకస్ చెబుతుంటే కరెంటు పోయింది.
అదలాగే వదిలేశాం.

తర్వాత, గీత.
ఇద్దరు మాట్లాడుకుంటుంటే
మధ్యలో కనపడని గీతొకటి ఉంటుంది.
కెమెరా దానికి ఒకే పక్కన ఉండాలి.
దాటితే ఎడమ కుడవుతుంది,
వెళ్ళేవాడు వస్తున్నట్టుంటాడు.
మన ఊళ్ళో ఇది నేర్పక్కర్లేదు,
బీచ్ రోడ్డే ఆ గీత.
రుషికొండకి పోతుంటే సముద్రం కుడిచేతి పక్క,
తిరిగొస్తుంటే ఎడమచేతి పక్క.
ఊరంతా ఇటే నిలబడి చూస్తుంది.
అటు ఎవరుంటారు?

వెనక బెంచీలో మైలపల్లి నూకరత్నం
ఏమీ అనలేదు.
రాసుకోనూ లేదు.

నెల తిరిగాక తన సినిమా తెచ్చింది, నాలుగు నిమిషాలు.
ఫిషింగ్ హార్బర్, తెల్లారగట్ల,
బోటు ఎడమకి కదులుతోంది.
కట్.
కుడినుండాల్సిన యారాడ కొండ ఎడమన,
ఎడమనుండాల్సిన కైలాసగిరి కుడిన,
నడుమ దీపాలతో తలకిందులైన ఊరు.
ఎర్రపెన్ను అప్పటికే తీశాను.
గీత దాటింది, అని రాశాను కూడా.

"నన్ను బోటెక్కనివ్వరు కదండి సార్,
ఫోన్ని ఎక్కించీసినాను."

తీసింది వాళ్ళ చినాన్న.
లైట్‌హౌసుని కొండ కొమ్ముతో వరస కలిపి
చేపల తావు గుర్తుపెట్టుకునే మనిషి.
కంపోజిషన్ అనే మాట వినలేదు.
ఆయన ఫ్రేములో ఒక్క దీపమూ వంకరగా లేదు.

ఆఖరి షాట్‌లో
ఒడ్డున ఒక చుక్క, టార్చి ఊపుతోంది.
జూమ్ చేసేకొద్దీ ఆ చుక్క గళ్ళుగళ్ళుగా విడిపోయింది.
తెర బయట ఆయన గొంతు:
"కదలకే నూకీ, అగుపడ్నేదు!"

డైరెక్టర్ అక్కడుంది,
తన సినిమాలో అందరికన్నా చిన్నగా.

పిల్లలు చప్పట్లు కొడుతున్నారు.
నేను మాత్రం తెర దగ్గరికి వెళ్ళి,
ఆ దీపాల్లో మా మేడ గది ఏదో,
ఆ వేళకి నేను దుప్పటి ముసుగేసుకున్న కిటికీ ఏదో
వెతుకుతున్నాను.
దొరికేలోగా
కట్.