తలుపు

రేడియోలో ఆర్నీ హక్కాలా ఏదో అన్నాడట.
డులూత్‌లో ఈ పొద్దు
కప్పుల్లో కాఫీ చల్లారిపోతోంది, తాగేవాళ్ళు లేక.

"ముప్ఫై ఎనిమిదేళ్ళ కింద, ఆఖరి ఆటలో
ఆ పక్ గీత దాటింది.
గ్లవ్ కింద దాన్ని నేనే వెనక్కి లాక్కున్నాను.
రిఫరీ చూళ్ళేదు. నేను చెప్పలేదు."
అంతే అన్నాడట. ఆ వెంటనే వాతావరణం వార్తలు:
సరస్సు మీద గాలి, మైనస్ ఇరవై రెండు.

వెర్నర్ బల్ల గుద్దాడు.
రేవులో ఇనుపఖనిజం ఎత్తిపోసిన చెయ్యి,
చక్కెర డబ్బా ఉలిక్కిపడింది.
"కప్పు ఊరేగించిన రోజు మా పిల్ల నా భుజాల మీదుంది.
ఇప్పుడు దానికేం చెప్పమంటాడు?"

"నిజం చెప్పమంటాడు," అంది లొరెయిన్
డోనట్ మీది పంచదార గోటితో గీకుతూ.
ఆమె రెండో మొగుడు ఓడిన ఊరివాడు.
అది గోలే, అది గోలే అంటూనే పోయాడు పాపం.

"ముసలాడికి మతి పోయింది."
"కాదు, ఇప్పుడే వచ్చింది."
"పదకొండు వేలు ఆపాడయ్యా! ఒక్కటి ఓ లెక్కా?"
"విగ్రహం పెట్టింది ఆ ఒక్కదానికేగా!"

నిజమే. స్టేడియం ముందు కంచు ఆర్నీ,
నెత్తిన జానెడు మంచు.
ఎడమ చేతి గ్లవ్ గట్టిగా మూసి ఉంటుంది.
లోపల ఏముందో శిల్పి చెప్పలేదు.

కోడీకి పదహారు. స్కూలు జట్టు గోలీ.
గడ్డం కింద పసుపు పచ్చగా మారిన దెబ్బ.
"ఇప్పటి గోలీలు గోలీలు కారు, పరుపులు అన్నాడు కదా,
ముందు దాని సంగతి తేల్చండి," అంటాడు.
వాడి బాధ వాడిది.

నేను మూల బల్ల దగ్గర,
ఆస్పత్రి బ్యాడ్జీ కోటు లోపలికి తోసుకుని.
నాకు ఆట తెలీదు. పక్ కంటికి ఆనదు,
అందరూ అరిచాక అటు చూస్తాను.
నాకు తెలిసినవి ఆయన తుంటి ఎముకలు.
బయట చెప్పకూడదు.
తెలుగులో గనక కొంచెం చెబుతాను.

నవంబర్లో వచ్చాడు. గౌను ముళ్ళు వేసుకోలేక
నా వైపు వీపు తిప్పాడు, చిన్నపిల్లాడిలా.
కదలకండి అన్నాను.
ఎక్స్‌రే బల్ల మీద అంత కదలకుండా పడుకున్న మనిషిని
పదిహేనేళ్ళలో చూళ్ళేదు.
తెర మీద చూస్తే కీళ్ళలో సందన్నదే లేదు,
ఎముక మీద ఎముక.

ఆయన్ని ఇక్కడ 'తలుపు' అనేవారట, వాళ్ళ మాటలో.
ఎవరు కొట్టినా తెరుచుకోని తలుపు.
నా భాషలో తలుపుకీ తలపుకీ
ఒక్క కొమ్మే తేడా.
బందులు అరిగిపోయాక
ఆ కొమ్ము ఎప్పుడు రాలిందో మరి.

"ఎడమదే ఎక్కువ పాడైందా?" అడిగాడు.
అవునన్నాను.
"ఆ రోజు కూడా అటే పడ్డాను," అన్నాడు.
ఏ రోజని నేనడగలేదు.
నా వెనక ఇంకా ఆరుగురు వరసలో ఉన్నారు.

ఇక్కడ వాదన విగ్రహం దాకా వచ్చింది.
తీసేయాలంటాడొకడు.
ఉంచి, ఆ గ్లవ్ తెరిపించాలంటుంది లొరెయిన్.
వెర్నర్ ఏమీ అనడం లేదు.
కూతురికి ఫోన్ చేద్దామని తీసి
మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు, రెండుసార్లు.

బల్ల కింద కోడీ ఎడమ చెయ్యి
మూసుకుంటోంది, తెరుచుకుంటోంది.
"నేనైతే చెప్పేవాణ్ణా?" అన్నాడు
ఎవరితోనూ కాదు.

ప్రాక్టీసుకి టైమైందని లేచాడు.
మంచుకి బిగుసుకున్న వీధి తలుపుని
భుజంతో రెండుసార్లు కుమ్మాడు.
ఒక్కసారిగా తెరుచుకుని
సరస్సు గాలంతా లోపలికి.
పేపర్ నాప్కిన్లు ఎగిరిపోయాయి,
చలికి అందరి కళ్ళలో నీళ్ళు.

"తలుపెయ్యరా బాబూ!"
అని అరిచారు,
ఇంతసేపూ ఏ ఒక్క మాట మీదా కలవనివాళ్ళు
అందరూ ఒక్కసారే.