పుట్టిన పచ్చిక

మైనస్ ముప్పై రెండు ఆ రాత్రి.
ఉలాన్‌బాతర్ ఉత్తరపు దిబ్బల మీద
మా గుడారం పొగగొట్టం ఒక్కటే మెలకువగా ఉంది,
మా అన్న జోల్‌బో కూడా.

బొగ్గు ఇటుకలు లారీకెత్తే చేతులు వాడివి.
ఫోను అద్దం నిండా నల్లటి వేలిముద్రలు.
మూడు లక్షల తుగ్రుగులు పంపాడు
ముఖం లేని ఒక పేరుకి.
అందులో నా బూట్ల డబ్బుందని తర్వాత తెలిసింది.
వసంతంలో కొనిస్తానన్నాడు.
వసంతంలో బూట్లెందుకని నేనడగలేదు.

వచ్చినవాడు తొంభయ్యో స్థాయి విలుకాడు.
నాలుగేళ్ళు ఎవరో రాత్రులు ధారపోసి పెంచినవాడు.
వెండి విల్లు, తెల్ల గుర్రం,
పన్నెండక్షరాల పాస్‌వర్డ్.
"మొదటి ఈమెయిలా? అదెప్పుడో పోయింది తమ్ముడూ,
దానితో నీకేం పని" అన్నాడట అమ్మినవాడు.

పొయ్యి పక్క నుంచి తాత దష్న్యామ్ అడిగాడు:
"తొడ మీద ముద్ర ఎవరిది?"
అన్న నవ్వాడు. ఇది ఆట తాతా, దీనికి తొడలెక్కడివి.
తాత మళ్ళీ అడగలేదు.

పదకొండు రోజులు ఏలాడు.
నుదుటి మీద చార చూసి
గుర్రానికి హల్జాన్ అని పేరు మార్చాడు.
విలుకాడి పాత నేస్తాలు రాత్రిళ్ళు పలకరించేవాళ్ళు:
"మోకాలెలా ఉంది? ఆపరేషన్ అయిందా?"
ఎవరి మోకాలో!
"బాగుంది" అని కొట్టేవాడు అన్న.
"అమ్మ పడుకుందా?"
"పడుకుంది."
మా అమ్మ నిజంగానే పడుకుంది కదా,
అబద్ధమెలా అవుతుందని నన్నడిగేవాడు.

పన్నెండో రోజు పాస్‌వర్డ్ తప్పంది.
మళ్ళీ కొట్టాడు. తప్పు.
గ్లవ్ తీసి, వేలు నోట్లో వెచ్చబెట్టుకుని, మళ్ళీ.

అమ్మినవాడు ఉలకలేదు, పలకలేదు.
రెండో పూటకి వాడి ఫోటో స్థానంలో బూడిదరంగు గుండ్రం.
వాడే వెనక్కి లాక్కున్నాడో,
ఎవరి దగ్గరో కాజేసింది అమ్మాడో,
ఆ ఎవరో ఆస్పత్రి నుంచి కుంటుకుంటూ వచ్చి
తన పాత ఉత్తరాల పెట్టె తెరిచాడో.

కంపెనీకి రాశాడు.
వాళ్ళడిగినవీ తాత అడిగినవే:
ఈ ఖాతా ఎక్కడ పుట్టింది? ఏ నెలలో?
విలుకాడికి మొట్టమొదట పెట్టిన పేరేంటి?
వెండి విల్లు ఎంత దూరం కొడుతుందో అన్నకి తెలుసు.
ఇది తెలియదు.
"కొన్నాను" అని ఉన్న నిజం రాశాడు.
కొనడమే తప్పని జవాబొచ్చింది, నియమం నంబరుతో సహా.

ఆ రాత్రి తాత చెప్పాడు:
"ఇరవై రెండేళ్ళప్పుడు పడమటి జిల్లాలో
గోధుమరంగు గుర్రం కొన్నాను.
మూణ్ణెల్లు నా చేత్తో మేపాను.
ఒక తెల్లారి చూస్తే తాడు తెగి ఉంది.
అమ్మకం, కొనడం గుర్రానికేం తెలుస్తాయిరా,
దాని కాళ్ళకి పుట్టిన పచ్చికే తెలుసు.
నాలుగు రోజులు నడిచి వెళ్ళాను.
పాత యజమాని గుమ్మంలోనే ఉన్నాడు,
గుర్రం అతని వెనకాల.
సిగ్గుపడ్డాడు. ఉప్పు పాల టీ పోశాడు.
గట్టి తాడొకటిచ్చి పంపించాడు."

అన్న చాలాసేపు పొయ్యి వైపే చూశాడు.
"నేనే గుమ్మానికి నడవాలి తాతా?
అక్కడ మొరగడానికి కుక్క కూడా లేదు."

ఇప్పుడు ఒకటో స్థాయి, కర్ర విల్లు.
ఉచితంగా పుట్టిన మనిషి,
పుట్టిన తేదీ కాగితం మీద రాసి
తాత చెక్కపెట్టెలో దాచుకున్నాడు.
ఆ కోట ద్వారం దగ్గర నిలబడతాడు, ఊరికే.

నిన్న తెల్ల గుర్రం వచ్చింది.
దాని తల మీద ఇంకా అదే పేరు, హల్జాన్.
ఎవరూ మార్చలేదు.

అన్న టైప్ చేశాడు:
"మోకాలెలా ఉంది?"

గుర్రం ఆగింది.

"నువ్వెవరు?"

నల్లటి వేలు అద్దం మీద అలాగే ఉంది.
పొయ్యిలో ఇటుక విరిగి కూలిన చప్పుడు.